నాను కాదు, నేను

దువ్వాడ దాటేసింది! ఫోన్‌లో నీలం చుక్క ఇప్పుడే కదిలింది, కళ్ళారా చూశాను, పక్కనున్న మా ఇంటావిడ తాయారు పిన్నికి కూడా చూపించాను, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన ఆవిడ ఫోన్ వంక చూడకుండానే "అవునవును" అంది. చెన్నై నుంచి రాత్రంతా పరిగెత్తుకొచ్చిన బండికి ఇంకెంత మిగిలింది, పదిహేను పదహారు కిలోమీటర్లు, మహా అయితే అరగంట. విశాఖపట్నం స్టేషన్, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం, ఉదయం తొమ్మిదిన్నర, చేతిలో రెండు ప్లాట్‌ఫారం టికెట్లు చెమటకి మెత్తబడిపోయాయి, నాకు ఒకచోట నిలబడబుద్ధి కావడం లేదు, అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. ఆ బండిలో బీ-ఫోర్ బోగీలో మా అవ్వ ఉంది. మా నాన్నకి అమ్మ. పేరు అప్పలమ్మ, పాస్‌పోర్టులో ఒక పీ, ఒక ఎమ్ తగ్గిన అప్పలమ్మ, డెబ్భై ఆరేళ్ళు, మారిషస్‌లో రోజ్ బెల్ దగ్గర చెరకు తోటల మధ్య పుట్టి అక్కడే పెరిగి అక్కడే ముసలిదైన మనిషి. ఐదు తరాల కింద మావాళ్ళు ఈ వైపు నుంచే ఓడెక్కి ఆ దీవికి పోయారు. పోయినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు, రెండేళ్ళ కిందట నేను వచ్చాను, ఎమ్మెస్సీ చదవడానికి, ఇదిగో ఇప్పుడు అవ్వ వస్తోంది. ఆవిడ నోట తెలుగు విని పదిహేనేళ్ళయింది. ఆ నోరు మూయించినదాన్ని నేనే. ఇవాళ అది మళ్ళీ తెరుచుకోవాలి, అంతే, నాకింకేమీ అక్కర్లేదు.

"ఏటమ్మా అలా గెంతుతన్నావు, కాసేపు కూకో. బండి వచ్చినప్పుడు వత్తాది," అంటోంది పిన్ని, కూర్చోవడం నా వల్ల అవుతుందా! పైన మైకులో అమ్మాయి గొంతు, దయచేసి గమనించండి అంటూ, ఏదో బండి సంఖ్య, ఏదో గమ్యస్థానం, ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ తెలుగు, ఒక్క అక్షరం కూడా నలగదు. నేనూ అలాగే మాట్లాడతానట. ఈ ఊళ్ళో నాకు మైకమ్మాయి అని పేరు. మొట్టమొదట పెట్టింది ఫిషింగ్ హార్బర్ ఆడవాళ్ళు. నా చదువు సముద్ర జీవశాస్త్రం కాబట్టి వారానికి రెండుసార్లు పొద్దున్నే సంచీ పట్టుకుని హార్బర్‌కి వెళ్ళేదాన్ని, అమ్మా, ఈ చేపల పేరేమిటి, వీటిని ఎక్కడ పట్టారు అని అడిగితే, గంపల వెనకాల వాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వు. "సేపల కాడికొచ్చి వార్తలు సదువుతాదేటర్రా ఈ పిల్ల!" నన్ను చూస్తే ఈ ఊరి పిల్లలాగే ఉంటాను, రంగూ అంతే, ముక్కూ అంతే, నోరు విప్పితే మాత్రం గుంటూరా అంటారు, విజయవాడా అంటారు. విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో అయితే మరీ. టోకెన్ పిలిచారు, లేచి నిలబడ్డాను, గుమస్తా నా వెనక్కి తొంగి చూసి "ఫారినర్ ఎక్కడమ్మా?" అన్నాడు. నేనేనండీ అన్నాను. కాగితం చూశాడు, నన్ను చూశాడు. "ఇంటిపేరు సిమాద్రి ఏటి? సింహాద్రి అని సరిగ్గా రాసుకోలేరా?" అన్నాడు, స్టాంపు కొట్టి కాగితం ఇస్తూ మళ్ళీ తనే, "మంచి పేరే, మా సింవాద్రప్పన్న పేరు" అన్నాడు. అతని నోట్లోనూ అది నలిగే వచ్చింది! ఓడ దగ్గర మావాళ్ళని పేరడిగి రాసుకున్న దొర ఎవడో గాని చెవులు బాగానే ఉన్నాయి వాడికి, విన్నది విన్నట్టు రాశాడు. ఇంద్రజ సిమాద్రి. ఆ రోజు బస్సులో నా పేరు నేనే పదిసార్లు చెప్పుకున్నాను.

ఇప్పుడీ హడావుడంతా నా బుర్రలో తెలుగులోనే నడుస్తోంది, అదీ ఒక విశేషమే. వచ్చిన కొత్తలో ప్రతిదీ ముందు క్రియోల్‌లో అనుకునేదాన్ని, మా దీవి భాష అది, దాన్ని తెలుగులోకి తిప్పుకుని, మనసులో ఒకసారి సరిచూసుకుని, అప్పుడు నోరు తెరిచేదాన్ని, ఆ లోపల షాపువాడు ఇద్దరికి చిల్లర ఇచ్చి పంపేసేవాడు. ఎప్పుడు మారిందో తెలీదు. ఒక పొద్దున్న తలకి షాంపూ పెట్టుకున్నాక కుళాయి ఆగిపోయింది, నోట్లోంచి తన్నుకొచ్చిన తిట్టు తెలుగు తిట్టు. కళ్ళు మండుతున్నా ఒకటే నవ్వు. ఆ తర్వాత లెక్కలు తెలుగులో, కలలు తెలుగులో, ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద రొయ్యపిల్ల కాళ్ళు లెక్కపెట్టడం తెలుగులో. మెస్సులో పప్పు పలచనైతే కోపం తెలుగులో. అమ్మకి ఫోన్ చేసినప్పుడు మధ్యలో మాట దొరక్క తడుముకోవడం మాత్రం క్రియోల్‌లో. మా దీవి గడియారం ఇక్కడికంటే గంటన్నర వెనక, అమ్మ ఇంకా నిద్రలోనే ఉంటుంది, నేను ఇక్కడ స్నానం చేసి, ఇడ్లీ తిని, బట్టలు ఆరేసి, ఆ బట్టల మీద పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి పడకుండా మళ్ళీ తీసేసి, అప్పుడు ఫోన్ చేస్తాను. ఏం తిన్నావంటే తాయారు పిన్ని ఇడ్లీ అంటాను. రోజూ అదేనా అంటుంది అమ్మ. రోజూ అదే. ఆ ఇడ్లీ కోసమే ఆ ఇంట్లో అద్దెకి దిగానని కాలేజీలో అందరూ అనుకుంటారు, అనుకోనీ.

పిన్ని ఇల్లు కంచరపాలెంలో, పట్టాలకి ఎదురుగా. కింద వాళ్ళు, మేడ మీద ఒంటి గదిలో నేను. పొద్దున్నే ఇంటి ముందు బల్ల వేసి ఇడ్లీ అమ్ముతుంది, బల్ల దగ్గర ఆవిడ నోటికి ఎదురుండదు. "నాను సెప్పలేదేటి, సట్నీ రెండోపాలి అడగొద్దని!" అని ఒకణ్ణి, "ఎల్లెల్లు, నీ బేరం నాకాడ కుదరదు" అని ఇంకొకణ్ణి. ఆ గొంతు కోసం దిగాను ఆ ఇంట్లో. అవ్వ వస్తోందని తెలిసినప్పటి నుంచి నా పథకం ఒక్కటే, బండి దిగగానే అవ్వ చెవిలో పడే మొదటి మాట పిన్నిది కావాలి. "నాను తాయారునమ్మా, రండి, ఏటిలా సిక్కిపోనారు?" అంటే చాలు, అవ్వ ఆగిపోతుంది, తలెత్తి చూస్తుంది. నెల రోజులుగా అనుకుంటున్నాను. తీరా ఇవాళ పొద్దున్న పిన్ని తలుపు తీసుకుని బయటికి వస్తే ఏముంది, పెళ్ళికి కట్టే పట్టుచీర, జడలో పువ్వులు, నోట్లో కొత్త తెలుగు. ఆటోలో కూర్చుని వల్లిస్తోంది. "నమస్కారమండీ. మీ ప్రయాణం సుఖంగా సాగిందా అండీ? మీ రాక మాకెంతో ఆనందదాయకం అండీ." టీవీ చూసి నేర్చుకుందట! నాలుగు రోజుల నుంచి గిన్నెలు తోముకుంటూ సాధన చేస్తోందట! పిన్నీ, వద్దు పిన్నీ, బల్ల దగ్గర ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి చాలు, కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. ఆవిడ చీర అంచుకి పసుపు మరకేమైనా ఉందేమో చూసుకుంటూ, "అలగెలా కుదురుతాదమ్మా? ఫారిన్ నుంచి వత్తన్న పెద్దావిడితో ఇడ్లీ బేరం మాటలేటి? నా పరువు సూడవా? నువ్వు కంగారు పడకు, నాను బాగా నేర్సుకున్నాను" అంది. ఎంతో ప్రేమతో అంది. ఏమనను ఆవిణ్ణి!

చుక్క ఆగిపోయింది. గోపాలపట్నం దగ్గర. కదలదేం? పక్కన ఎర్రచొక్కా పోర్టరు తవిటయ్య, అవ్వకి మోకాళ్ళ నొప్పులని ముందే మాట్లాడి పెట్టుకున్నాను, బీడీ కట్ట తీసి, స్టేషన్లో కాల్చకూడదు కాబట్టి మళ్ళీ జేబులో పెట్టుకుని, తీరిగ్గా అన్నాడు, "సెన్నై నుంచి దువ్వాడ ఒకెత్తు, దువ్వాడ నుంచి వైజాగ్ ఒకెత్తమ్మా. అవుటర్ సిగ్నల్ కాడ ఆపకుండా ఏ బండినీ రానివ్వరు. గంటవ్వొచ్చు." గంటా! "మీది గుంటూరా అమ్మా? మైకులో అమ్మాయిలా మాటాడతన్నావు." చూశారా, మళ్ళీ! మారిషస్ అండీ అన్నాను. "ఓ, అటేపా," అన్నాడు, గుంటూరికి అవతల ఏదో ఊరనుకున్నాడు కాబోలు.

గంట. గంటలో మనిషి ఎన్ని గుర్తు చేసుకోవాలి? నాకు గుర్తొచ్చేది ఒక్కటే, వద్దనుకున్నా అదే. ఎనిమిదేళ్ళు నాకు. మా ఊళ్ళో సాయంత్రం తెలుగు బడి ఉండేది, మావాళ్ళు చందాలు వేసుకుని నడిపేవాళ్ళు, అక్కడ అ ఆలు, పద్యాలు, నేను మేము నువ్వు మీరు, అన్నీ నేర్పేవాళ్ళు, క్లాసులో మొదటిదాన్ని నేను. ఇంట్లో అవ్వ మాటలు వేరేగా ఉండేవి, నాను, ఏటి, సేసినాను. ఎందుకలా అని నాన్నని అడిగితే, అది ఓడలో పాడైపోయిన తెలుగమ్మా, ఉప్పునీళ్ళు తగిలి పాడైపోయింది అని నవ్వేవాడు, నిజమనుకున్నాను, ఆయనా నిజమనుకున్నాడు. ఒక ఆదివారం ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు బడి చూసి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. ఊళ్ళో సగం మంది మా హాల్లోనే. అవ్వ గారెల పళ్ళెం తెచ్చి, ఎంత సంతోషంగా ఉందో ఆ మొహం, ఇండియా మనిషికి తెలుగులో వడ్డిస్తోంది కదా, "నాను సేసినాను బాబూ. ఏటి, ఇంకోటెయ్యనా?" అంది. నేను లేచి నిలబడి వేలెత్తి, క్లాసులో లాగా, "నాను కాదు, నేను! సేసినాను కాదు, చేశాను! ఏటి కాదు, ఏమిటి!" హాలంతా పకపకా నవ్వింది. పెద్దాయన నా తల నిమిరి జేబులోంచి పెన్ను తీసి నాకు బహుమతిగా ఇచ్చారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వి, పళ్ళెం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి క్రియోల్. గొడవేమీ లేదు, అలక లేదు, నాకు జడలు వేసింది, అన్నం పెట్టింది, అన్నీ క్రియోల్‌లో. అంతకుముందు పెరట్లో కుక్కని తెలుగులో తిట్టేది, దానికీ క్రియోల్ తిట్లే వచ్చాయి. దేవుడి పటాల ముందు పైకి మాట్లాడేది, సింవాద్రప్పన్నా ఇలాగెందుకు సేసినావు అని పోట్లాడేది, ఆ పోట్లాట కూడా పెదాలు మూసుకునే. నాకు తెలియనే లేదండీ. పన్నెండో ఏడు వచ్చాక, అవ్వ తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయింది అని ఎవరో అంటే అప్పుడు తెలిసింది, నాలుగేళ్ళు నేనేం చూస్తున్నాను? ఇంట్లో మనిషికి గొంతు పోయింది, నేను పద్యాల పోటీలో కప్పులు తెచ్చుకుంటున్నాను.

సరిచేద్దామనుకుంటే అసలు నేను చేసింది తప్పని కూడా తెలీదు అప్పటికి. బాధపెట్టాననుకున్నాను గాని, మాట మటుకు నాదే రైటనుకున్నాను! ఇదే స్టేషన్ బయట, రెండేళ్ళ కిందట, రెండు సూట్‌కేసులతో నిలబడితే ఆటో అతను వచ్చి "ఏటమ్మా, ఎక్కడికెల్లాలి? నాను దింపేత్తాను, ఎక్కీ" అన్నాడు. ఏమన్నారు అన్నాను. "నాను దింపేత్తానమ్మా." ఇంకోసారి అనండి అన్నాను. అతను భయపడిపోయాడు పాపం. ఎక్కి కూర్చున్నాక దారి పొడుగునా పళ్ళమ్మేవాడు, ట్రాఫిక్ పోలీసు, స్కూటర్ మీద తల్లీకూతుళ్ళు, అందరి నోళ్ళలోనూ అవ్వే, నాను, ఏటి, సూడు, సెప్పు, ఎల్లిపోనాది, ఊరు ఊరంతా మా అవ్వలాగే మాట్లాడుతోంది! ఓడలో ఏమీ పాడవలేదు. ఉప్పునీళ్ళు తగల్లేదు. ఇన్ని తరాలు, అంత సముద్రం, అంత చెరకు, మా అవ్వ ఒక్క అక్షరం పారేయకుండా దాచి ఉంచింది, దాన్ని నేను వేలెత్తి మూడు ముక్కల్లో తుడిచేశాను. ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను, అతను యూనివర్సిటీ గేటు దగ్గర దింపి "ఇంటి మీద బెంగెట్టుకోకమ్మా" అని ఓదార్చి వెళ్ళాడు. పెద్దాయన ఇచ్చిన పెన్నుతో ఆ తర్వాత ఒక్క అక్షరం రాయలేకపోయాను, పెట్టె అడుగున పడేశాను. ఆ రాత్రే అవ్వకి ఫోన్ చేశాను, అవ్వా, ఇక్కడ అందరూ నాను అనే అంటారు, నీది తప్పు కాదు, నాదే తప్పు అన్నాను. అవ్వ క్రియోల్‌లో, సరేలే, వేళకి తింటున్నావా అంది. నేను జాలిపడి అబద్ధం చెబుతున్నాననుకుంది. పిన్ని ఇడ్లీ బల్ల దగ్గర అరుస్తుంటే రికార్డు చేసి పంపాను, అక్కడ మా ఉమాశంకర్ బాబాయి ఆవిడకి వినిపించాడు. విని, పాపం ఆవిడ కూడా నాలాగే చదువుకోలేదు కాబోలు అందట. ఇంకేం చెయ్యను? ఫోన్‌లో ఎవరైనా ఏదైనా అనిపించొచ్చు. అవ్వ ఇక్కడికి రావాలి, వినాలి, తన చెవులతో.

ఫోన్ మోగింది! ఉమాశంకర్ బాబాయి, మా అమ్మ చెల్లెలి భర్త, అవ్వని తీసుకొస్తున్నది ఆయనే, తెలుగు ఒక్క ముక్క రాదు. మర్రిపాలెం దాటాక మళ్ళీ ఆగిపోయిందట. ఏం కనిపిస్తోంది బాబాయ్ అన్నాను. ఏముంది, పట్టాలు, గోడ, గోడ వెనక ఇళ్ళు, ఒక మేడ మీద గులాబీ రంగు నీళ్ళ ట్యాంకు, తాడు మీద పసుపు తువ్వాలు అన్నాడు. గులాబీ ట్యాంకు! పసుపు తువ్వాలు! అది నా తువ్వాలు బాబాయ్, అది నా గది, అది మా మేడ అని అరిచాను, ప్లాట్‌ఫారం మీద అందరూ తిరిగి చూశారు. ఆ మేడ మీద కూర్చుని చదువుకుంటూ అవుటర్‌లో ఆగిన బళ్ళు ఎన్ని చూశాను, అద్దాల వెనక మొహాలు, ఎవరెవరివో, వాళ్ళు నన్ను చూసేవాళ్ళు, నేను వాళ్ళని చూసేదాన్ని. ఇవాళ ఆ అద్దం వెనక అవ్వ! నేనేమో ఇక్కడ! పిన్ని అప్పటికే తన ఫోన్ తీసింది, వాళ్ళాయన త్రినాథరావు గారు పోర్టులో నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంటారు. "లెగండి! మేడెక్కండి! ఆ పసుపు తువ్వాలు తీసి రైలేపు ఊపండి! ఎందుకేటి, నాను సెప్తన్నాను కదా, ఊపండి! లుంగీతోనే ఎల్లండి, ఎవరు సూత్తారు?" మొత్తం బండి చూస్తుంది కదా పిన్నీ! నా రెండో చెవిలో బాబాయి, ఎవడో పిచ్చివాడు మేడెక్కి తువ్వాలు ఊపుతున్నాడు అంటున్నాడు. పిచ్చివాడు కాదు బాబాయ్, మా ఇంటాయన, అవ్వకి చెప్పు, అవ్వని చూడమను. అంతలో బాబాయి, అవ్వ చెయ్యి ఊపుతోంది, రెండు చేతులూ ఊపుతోంది అన్నాడు. నాకు గంతులేయాలనిపించింది, వేశాను కూడా, తవిటయ్య తల తిప్పుకుని నవ్వుకున్నాడు. అవ్వ ఏమైనా అందా బాబాయ్? ఏమీ అనలేదు అన్నాడు. ఎలా అంటుంది? మూసిన అద్దం, ఏసీ బోగీ, బయట మనిషి నోరు విప్పినా వినబడదు, లోపల రాత్రంతా హిందీ, అరవం, ఇంగ్లీషు. ఇప్పటిదాకా ఈ ఊరి మాట ఒక్కటి కూడా ఆవిడ చెవిన పడలేదు. మొదటిది ఇక్కడే పడాలి, ఆ మొదటిదేమో, దేవుడా, ఆనందదాయకం అండీ!

పోనీ నేనే అంటే? అనలేకనే కదా. రెండేళ్ళుగా ప్రయత్నం. అద్దం ముందు నిలబడి నాను, నాను, నాను, పలుకు వస్తుంది గాని మనిషి రాదు, నాటకం వేసినట్టు ఉంటుంది. ఒకసారి పిన్ని ముందు, నాను కాలేజీకి ఎల్తన్నాను అన్నాను, ఆవిడ గరిటె పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది, "వద్దమ్మా, నీకు నప్పదు, మైకు పాడైపోనట్టుంది" అంది. నేను అనే మాట నాలో అంత లోతుగా నాటుకుపోయింది, నాటింది నేనే, పెన్ను బహుమతి పుచ్చుకుని మరీ. అవ్వ ఎదురుగా నిలబడి అద్దంలో చేసినట్టు చేస్తే వెక్కిరించాననుకుంటుంది. మళ్ళీనా, ఇంత వయసొచ్చాక మళ్ళీనా అనుకుంటుంది. అందుకే నేను నోరు మూసుకుని నిలబడాలి, పిన్ని మాట్లాడాలి, పిన్ని పిన్నిలా మాట్లాడాలి. పిన్నీ, ఒక్కసారి నా మాట వినండి అన్నాను. "వచ్చేత్తంది, వచ్చేత్తంది!" అంది పిన్ని.

వచ్చేసింది! ఇంజిన్ మొహం కనబడింది, మైకులో అమ్మాయి చెప్పకముందే తవిటయ్య తలపాగా బిగించుకుని పరుగు, నేను పరుగు, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పిన్ని పరుగు, బీ-వన్ పోయింది, బీ-టూ పోయింది, బీ-ఫోర్ ఆగింది, సరిగ్గా తవిటయ్య ముందే చూపించిన స్తంభం దగ్గరే. తలుపు దగ్గర జనం, సూట్‌కేసులు, ఎవరిదో పిల్ల ఏడుపు, బాబాయి టోపీ, బాబాయి భుజం, ఆ భుజం కింద అవ్వ. ఎంత చిన్నదైపోయింది! నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకి తెల్ల బూట్లు, తలకి మఫ్లరు. నన్ను చూసింది, కళ్ళు నిండిపోయాయి, నావీ నిండిపోయాయి, మెట్టు మీద చెయ్యి చాపింది, అంతలో పిన్ని ముందుకొచ్చి చేతులు జోడించింది. "నమస్కారమండీ! మీ ప్రయాణం సుఖంగా సాగిందా అండీ? మీ రాక మాకెంతో ఆనందదాయకం అండీ!" ఒక్క అక్షరం తప్పు పోలేదు. అవ్వ మొహంలో ఆ నవ్వు వచ్చింది, పదిహేనేళ్ళ కిందటి నవ్వు, గారెల పళ్ళెం బల్ల మీద పెట్టినప్పటిది. పెదాలు మూసుకునే తలూపింది. "బోంజూర్," అంది మెల్లగా, మా దీవి పలకరింపు. తవిటయ్య కూడా తన వంతుగా, "మాజీ, ధీరే ధీరే," అన్నాడు హిందీలో, ఫారిన్ వాళ్ళు కదా. అయిపోయింది. నెల రోజుల పథకం, ఒక్క నిమిషంలో అయిపోయింది, నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

అవ్వ కాలు మెట్టు దిగి ప్లాట్‌ఫారం కోసం వెతుకుతోంది, మధ్యలో సందు, వెనక నుంచి ఎవరిదో పెద్ద సూట్‌కేసు బాబాయిని తోసింది, బాబాయి అవ్వని తోశాడు, తెల్ల బూటు జారింది.

"అవ్వా, ఆగు! నాను పట్టుకుంటాను!"

రెండు చేతులూ ఆవిడ చంకల కింద వేసి పట్టుకున్నాను, బరువేముంది, ఎత్తి పట్టుకున్నాను, వెనిలా టీ వాసన, స్వెట్టరు వాసన, ఆవిడ గుండె నా గుండెకి కొట్టుకుంటోంది, పడలేదు, పడలేదు, దేవుడా, పడలేదు. అవ్వ కిందికి దిగలేదు. ఒక కాలు మెట్టు మీదే, నా భుజాలు రెండూ పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది, ఎందుకలా చూస్తోందో నాకు అర్థం కాలేదు, నేనేమన్నానో నాకు తెలీదు అప్పటికి. వెనక జనం అరుస్తున్నారు. అవ్వ కుడిచెయ్యి నా భుజం మీంచి తీసి, చూపుడు వేలు మెల్లగా పైకెత్తింది.

"నాను కాదు," అంది. గొంతు గరగరలాడింది. "నేను."

ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయో ఏడుస్తున్నాయో నాకు తెలియలేదు. పక్కన పిన్నికి మాత్రం ఎక్కడో కాలింది, నాలుగు రోజుల టీవీ తెలుగు ఎటు పోయిందో పోయింది. "అదేటమ్మా అలగంటారు? నాను కాకపోతే మరేటంటారు? మాము పుట్టి బుద్దెరిగిన కాడినుంచి నానే కదా అంటన్నాం! మా అమ్మా నానే, మా అత్తా నానే, ఆవిడ పేరూ అప్పలమ్మే!"

"నానూ అదే అంటాను," అన్నాడు తవిటయ్య, తల మీద సూట్‌కేసు సర్దుకుంటూ. "ముందు దిగండి తల్లీ, ఎనకాల జనం సంపేత్తారు."

అవ్వ తవిటయ్య వంక చూసింది. పిన్ని వంక చూసింది. నన్ను పక్కకి జరగమన్నట్టు మెల్లగా నెట్టి, నా భుజం మీంచి రెండో చెయ్యి కూడా తీసి, పిన్ని పట్టుచీర భుజం గట్టిగా పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగింది.

"ఏటన్నావు?" అని అడిగింది అవ్వ. "మల్లీ సెప్పు."